సైటేషన్లు రాసిన ఆ పది రాత్రులు

కార్గిల్ యుద్ధంలో, 1999 జూన్ చివర్లో మా బెటాలియన్ ద్రాస్ సెక్టార్లో ఒక కొండ మీద దాడి చేసి, దాన్ని గెలుచుకుంది. కొండ పేరు గాని, బెటాలియన్ పేరు గాని ఇక్కడ రాయను. నేను అప్పుడు అడ్జుటెంట్ (బెటాలియన్ ఆఫీసు పనులు చూసే ఆఫీసర్) దగ్గర హవల్దార్ క్లర్క్‌ని. ఆఫీసంటే రాళ్ళు పేర్చి, పైన రేకులు వేసి, వాటి మీద ఇసుక బస్తాలు సర్దిన బంకర్. లోపల ఒక మడత బల్ల, పోర్టబుల్ టైప్‌రైటర్, రెండు ఇనప ట్రంకులు, ఒక లాంతరు. వెలుతురు బయటికి కనబడకుండా గుమ్మానికి దుప్పటి కట్టేవాళ్ళం.

దాడి ముగిసిన మూడో రోజు సాయంత్రం అడ్జుటెంట్ సాబ్ లోపలికొచ్చి, "రేపటి నుంచి సైటేషన్లు మొదలుపెడదాం. పది రోజుల్లో బ్రిగేడ్‌కి చేరాలి" అన్నారు.

సైటేషన్ అంటే ఒక సైనికుడికి శౌర్య పతకం ఇవ్వాలని సిఫారసు చేస్తూ రాసే కాగితం. అతను ఎక్కడ, ఎప్పుడు, ఏం చేశాడో పేజీ, పేజీన్నరలో చెప్పాలి. కంపెనీ కమాండర్ దగ్గర మొదలై, సీఓ సాబ్ (బెటాలియన్ కమాండింగ్ ఆఫీసర్) సంతకంతో బ్రిగేడ్‌కి, అక్కణ్ణుంచి డివిజన్, కోర్, కమాండ్, ఆర్మీ హెడ్‌క్వార్టర్స్, రక్షణ శాఖ దాటి రాష్ట్రపతి ఆమోదం దాకా వెళ్తుంది. చివరికి గెజిట్‌లో పేరు వస్తుంది. ఈ దారిలో ఎవరూ ఆ కొండ చూసినవాళ్ళు కారు. వాళ్ళందరికీ ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పేది ఆ ఒక్క పేజీయే. అందుకే ఆ పని చెప్పగానే నాకు టెన్షన్ పట్టుకుంది.

మొదటి సైటేషన్ ఒక సెక్షన్ కమాండర్‌ది, అంటే కొద్దిమంది జవాన్ల చిన్న జట్టుని నడిపేవాడిది. అతను బతికి లేడు. కంపెనీ కమాండర్ సాబ్ పెన్సిల్‌తో రాసిచ్చిన ఆరు వాక్యాలు ముందు పెట్టుకుని, నాకు తెలిసిన పెద్ద పెద్ద మాటలన్నీ వాడి రాశాను. రాసింది ఇంగ్లీషులోనే అయినా భావం మాత్రం మన స్టేజీ ఉపన్యాసాలదే: ప్రాణాలను తృణప్రాయంగా ఎంచి, సింహంలా గర్జిస్తూ శత్రువు మీద విరుచుకుపడ్డాడు. రాస్తుంటే నాకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అడ్జుటెంట్ సాబ్ చదివి, ఎర్ర పెన్సిల్‌తో సగం కొట్టేసి, పక్కన నాలుగు ప్రశ్నలు రాశారు. ఎంత దూరం? ఎన్ని గంటలకి? చేతిలో ఏముంది? ఎవరు చూశారు?

"సింహం సంగతి వదిలెయ్. ఆ కుర్రాడు ఏం చేశాడో అది రాయి. చేసింది చాలు" అన్నారు.

ఆ మాట నాకు మొదట కష్టంగా అనిపించింది. చచ్చిపోయినవాడికి నాలుగు మంచి మాటలు కూడా రాయొద్దా అనుకున్నాను. మర్నాడు అతని సెక్షన్‌లో మిగిలిన కుర్రాళ్ళని కూర్చోబెట్టి అడిగితే అసలు విషయం తెలిసింది. అతను గర్జించలేదు. ఆ ఎత్తులో ఎవరికీ గట్టిగా అరిచే ఊపిరి ఉండదు. శత్రువు సంగర్‌కి (రాళ్ళు పేర్చి కట్టిన మోర్చా) ముప్పై గజాల దిగువన, బండ కింద ఇరుక్కుపోయిన నలుగురిని ఒక్కొక్కణ్ణి బూటు మీద తట్టి, వేలితో ఎడమ వైపు చూపించాడు. తను మాత్రం కుడి వైపు పాకాడు, మెషిన్‌గన్ అటు తిరగాలని. అది తిరిగింది. ఆ వ్యవధిలో నలుగురూ ఎడమ నుంచి ఎక్కి గ్రెనేడ్లు వేశారు. బూటు మీద తట్టడం గురించి చెప్తూ ఒక కుర్రాడు తన కాలి బూటునే అలా రెండు సార్లు తట్టి చూపించాడు. ఆ తర్వాత నేను రాసిన పేజీలో విశేషణం ఒక్కటి కూడా లేదు. అడ్జుటెంట్ సాబ్ అందులో ఏదీ కొట్టెయ్యలేదు.

అదే బంకర్‌లో ఇంకో పని కూడా నాదే. చనిపోయినవాళ్ళ సామాన్ల జాబితా తయారుచేసి, ఇంటికి పంపాలి. ఆ సెక్షన్ కమాండర్ కిట్‌లో ఒక ఇన్‌లాండ్ లెటర్ దొరికింది. అడ్రస్ రాసి ఉంది, లోపల అంతా ఖాళీ. జాబితాలో దాన్ని ఏమని రాయాలో తోచక చాలాసేపు కూర్చున్నాను. చివరికి "ఉత్తరం, ఒకటి" అని రాశాను.

సాక్షులతో మాట్లాడటం నేననుకున్నంత సులువు కాదు. చీకట్లో, మంచులో, గుళ్ళ మధ్య పాకినవాళ్ళు ఒకే సంఘటనని నాలుగు రకాలుగా చెప్తారు. ఎవరూ అబద్ధం చెప్పరు. ఒకడికి పది నిమిషాలనిపించింది ఇంకొకడికి గంట. ఒకడు చూసింది వీపు, ఇంకొకడు విన్నది గొంతు. పేర్ల దగ్గర మరీ జాగ్రత్త కావాలి, ఎందుకంటే ఒకే పేరు గలవాళ్ళు ప్రతి బెటాలియన్లోనూ ఉంటారు. టైగర్ హిల్ మీద 18 గ్రెనేడియర్స్‌కి చెందిన యోగేంద్ర సింగ్ యాదవ్‌కి పరమవీర చక్రని మొదట మరణానంతరం అని ప్రకటించారు. తీరా చూస్తే అతను ఒంటినిండా గుళ్ళ గాయాలతో ఆస్పత్రిలో కోలుకుంటున్నాడు, చనిపోయింది అదే పేరున్న ఇంకో జవాన్. ఆ వార్త విన్నప్పుడు నాకు గుండె ఆగినంత పనయింది. పేరు పక్కన ఆర్మీ నంబర్‌ని మూడేసి సార్లు సరిచూసే అలవాటు నాకు అప్పటినుంచే.

ఇంకో ముడి కూడా ఉంది. పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర మూడింటి నిబంధనల్లోనూ ఒక మాట ఉంటుంది: శత్రువు ఎదుట చూపిన శౌర్యం. ఈ మూడు పతకాలూ 1950 జనవరి 26న మొదలయ్యాయి, 1947 ఆగస్టు 15 నుంచి వర్తించేలా. ఎదుట అన్న ఆ మాట చదివినప్పుడల్లా నాకు కొండ మీదున్న చివరి ఇరవై గజాలే కళ్ళ ముందుకొచ్చేవి. కింద నుంచి ఆ ఇరవై గజాల దాకా మందుగుండు, నీళ్ళు, మాట చేరవేసినవాళ్ళని ఏ గడిలో పెట్టాలో అర్థమయ్యేది కాదు.

ఆ సందేహం మా కంపెనీ సుబేదార్ సాబ్‌ని అడిగాను. 1971 యుద్ధం అయిన మరుసటి ఏడే భర్తీ అయిన మనిషి ఆయన, రిటైర్మెంట్‌కి దగ్గరపడ్డారు. ఆయన టీ గ్లాసు రెండు చేతుల మధ్య పెట్టుకుని, "బాబూజీ, సాక్షులని ఏం అడుగుతున్నావో అదంతా అడుగు. చివర్లో ఇంకొక్కటి అడుగు. రేపు రాత్రి మళ్ళీ పైకి వెళ్ళాల్సొస్తే నీ పక్కన ఎవరుండాలి అని" అన్నారు. క్లర్కులని అందరూ బాబూజీ అనే పిలుస్తారు మా దగ్గర.

అడగడం మొదలుపెట్టాను. అప్పటికే అందరి నోళ్ళలో నానుతున్న ఒక పేరుంది. ఆ కుర్రాడు దాడిలో అందరికంటే ముందు లేచి పరిగెత్తాడు, చేతికి గుండు తగిలినా ఆగలేదు. ధైర్యమే, ఎవరూ కాదనలేరు. కానీ చెప్పకుండా లేచాడు కాబట్టి, అతన్ని కాపాడబోయి ఇద్దరు గాయపడ్డారు. రేపు పక్కన ఎవరు అంటే అతని పేరు ఒక్కరూ చెప్పలేదు. ఏడుగురిని అడిగితే ముగ్గురు చెప్పిన పేరు నా లిస్టులోనే లేదు. అతను సిగ్నల్ ప్లాటూన్‌లో లైన్‌మ్యాన్. టెలిఫోన్ కేబుల్ చూసుకునేవాడు.

"అతను ఏం చేశాడు?" అని అడిగాను.

"ఏం చేశాడో మేం చూడలేదు బాబూజీ. కానీ ఫోన్ పనిచేసింది."

ఆ రాత్రి కొండ మీదున్న కంపెనీకీ కిందనున్న మోర్టార్లకీ మధ్య మాట పోతే అంతా పోతుంది. చలికి రేడియో సెట్ల బ్యాటరీలు నీరసించిపోతాయి, పైగా రేడియోలో మాట్లాడింది అవతలివాళ్ళూ వినగలరు. కేబుల్‌కి ఆ భయం లేదు. కానీ షెల్ పడితే కేబుల్ తెగుతుంది. తెగితే ఎవరో ఒకరు వెళ్ళి అతకాలి, అదీ షెల్స్ ఇంకా పడుతున్న చోటికే.

లైన్‌మ్యాన్ మన తెలుగువాడే. నలుగురిలో నన్ను బాబూజీ అనేవాడు, ఇద్దరమే ఉంటే అన్నా అనేవాడు. వేరే ఒకరి సైటేషన్‌కి సాక్షిగా అడ్జుటెంట్ సాబ్ పిలిపిస్తే వచ్చాడు. కుడి చేతికి కట్టుంది. ఆ సాక్ష్యం అంతా రాసుకున్నాక, కాగితం పక్కన పెట్టి అడిగాను.

"నువ్వు ఆ రాత్రి ఎన్నిసార్లు వెళ్ళావు తమ్ముడూ?"

"లెక్క పెట్టలేదన్నా. తెగినప్పుడల్లా వెళ్ళాను."

"చీకట్లో తెగిన చోటు ఎలా దొరుకుతుంది?"

అప్పుడు కాస్త హుషారుగా చెప్పాడు, పని గురించి అడిగితే పనివాడు చెప్పినట్టు. టార్చ్ వెయ్యకూడదు. కేబుల్‌ని అరచేతిలోంచి పోనిస్తూ నడవాలి. చేతి తొడుగు ఉంటే తొక్క లేచిన చోటు తెలియదు, అందుకని తీసెయ్యాలి. కేబుల్ చేతిలోంచి జారిపోయిందంటే అదే తెగిన కొస. రెండో కొస దగ్గరే ఉంటుందని లేదు, పేలుడికి పది పదిహేను గజాలు ఎగిరిపోవచ్చు. మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళ మధ్య తడుముకోవాలి. దొరికాక పటకారుతో తొక్క తీద్దామంటే వేళ్ళు పలకవు. పళ్ళతో లాగెయ్యాలి. రెండు కొసలూ మెలేసి, ముడేసి, టేప్ చుట్టి, భుజానున్న టెస్ట్ ఫోన్ తగిలించి అటూ ఇటూ రింగ్ ఇవ్వాలి. రెండు వైపులా పలికితే పని అయినట్టు.

"వెనక్కి వచ్చి కూర్చుంటానో లేదో మళ్ళీ తెగేదన్నా. ఒకసారైతే టేప్ చుడుతుంటేనే కింద ఇంకో చోట తెగింది."

"భయం వెయ్యలేదా?"

"ఎందుకెయ్యదు? మూడోసారి చాలా భయమేసింది. మొదటి రెండుసార్లు ఏమవుతుందో తెలియదు కదా. మూడోసారికి తెలుసు."

అతను తన గురించి మాట్లాడింది ఆ ఒక్కసారే. కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, వెళ్ళొచ్చా అన్నట్టు గుమ్మం వైపు చూశాడు. మంచుకి రెండు వేళ్ళ కొనలు నల్లబడ్డాయని, ఒకటి తీసెయ్యాల్సి రావచ్చని మెడికల్ ఆఫీసర్ సాబ్ దగ్గర తర్వాత విన్నాను.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మూడోసారికి తెలుసు అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. ఒక్క ఊపులో దూకెయ్యడం ఒకటి. ఏం జరుగుతుందో చూసి వచ్చి, వణుకు తగ్గకముందే మళ్ళీ లేచి అదే చోటికి వెళ్ళడం వేరు. నాకు ఇంత సర్వీసులో వీరుడంటే ఎవరో తెలిసింది ఆ మాటతోనే. మా పాత కథల్లోనూ ఇదే ఉంది, నేను గమనించలేదంతే. 1947 నవంబర్ 3న కాశ్మీర్‌లోని బడ్గాంలో పోరాడి, దేశంలో మొదటి పరమవీర చక్ర పొందిన మేజర్ సోమనాథ్ శర్మకి అప్పుడు ఒక చెయ్యి ప్లాస్టర్ కట్టులో ఉంది. తుపాకీ పట్టే వీల్లేక, మ్యాగజైన్లలో తూటాలు నింపి తన జవాన్లకి అందించాడు. సెకండ్ లెఫ్టినెంట్ రాఘోబా రాణే 1948 ఏప్రిల్లో నౌషేరా నుంచి రాజౌరీ వెళ్ళే దారిలో చేసింది మైన్లు ఏరడం, అడ్డంకులు తొలగించడం. గాయపడ్డా ట్యాంకులకి దారి చేస్తూనే ఉన్నాడు. అతనికీ పరమవీర చక్రే ఇచ్చారు.

మర్నాడు పొద్దున్నే అడ్జుటెంట్ సాబ్‌కి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "మంచి కేసే. సాక్షి ఎవరు?" అన్నారు.

సాక్షి లేడు. చీకట్లో ఒంటరిగా వెళ్ళాడు, ఒంటరిగా వచ్చాడు.

సాక్షి లేకపోతే ఏమవుతుందో మా అందరికీ తెలిసిన ఉదాహరణ ఒకటుంది. చైనాతో యుద్ధంలో, 1962 నవంబర్ 18న లడఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర 13 కుమావూన్ చార్లీ కంపెనీలో 114 మంది చనిపోయారు. ప్రాణాలతో వచ్చిన కొద్దిమంది జవాన్లు అక్కడ జరిగిన పోరాటం గురించి చెప్తే మొదట చాలామంది నమ్మలేదు. 1963లో ఆ కొండ మీదికి మనవాళ్ళు వెళ్ళి చూసేసరికి, ఎవరి మోర్చాలో వాళ్ళు, చేతుల్లో ఆయుధాలతో గడ్డకట్టి ఉన్నారు. నర్సింగ్ అసిస్టెంట్ చేతిలో సిరంజి అలాగే ఉందంటారు. ఆ దేహాలే సాక్ష్యం చెప్పాయి. ఆ కంపెనీ కమాండర్ మేజర్ షైతాన్ సింగ్‌కి పరమవీర చక్ర వచ్చింది, ఆ నర్సింగ్ అసిస్టెంట్ ధరమ్‌పాల్ దహియాకి వీర చక్ర. సిరంజి పట్టుకున్న చెయ్యి కూడా శత్రువు ఎదుట ఉన్న చెయ్యే అని అప్పటివాళ్ళు ఒప్పుకున్నారు. మరి కేబుల్ పట్టుకున్న చెయ్యి?

రెండు రోజులు తిరిగాను. మోర్టార్ వాళ్ళని అడిగాను, లైన్ పోయేది, వచ్చేది అన్నారు. ఎన్నిసార్లు, ఎప్పుడు అంటే ఎవరికీ గుర్తు లేదు. మూడో రోజు సిగ్నల్ బంకర్‌లో స్టేషనరీ ఇచ్చి వస్తుంటే, టెలిఫోన్ ఎక్స్ఛేంజ్ పక్కన మేకుకి వేలాడుతున్న లాగ్ బుక్ కనబడింది. ఆ తేదీ తిప్పాను. పెన్సిల్‌తో, ఒకదాని కింద ఒకటి:

22:40 లైన్ కట్. 23:25 లైన్ ఓకే.
23:50 లైన్ కట్. 00:35 లైన్ ఓకే.
00:55 లైన్ కట్.

అలా అయిదు సార్లు, తెల్లవారుజామున 04:10 దాకా. అన్నిటికంటే ఎక్కువసేపు పట్టింది మూడోసారికే, గంటా ఇరవై నిమిషాలు. ఆ పేజీ నిండా పైకప్పు నుంచి రాలిన మట్టి, వేలితో తుడిస్తే గరగరలాడింది. కానీ రాత ఎక్కడా వంకర పోలేదు. అంకెలన్నీ స్కూల్ పిల్లాడి కాపీ పుస్తకంలోలా తిన్నగా ఉన్నాయి.

పుస్తకం పట్టుకుని దాదాపు పరిగెత్తాను. ఆ ఎత్తులో పరిగెత్తితే ఏమవుతుందో తెలిసి కూడా. అడ్జుటెంట్ సాబ్ పేజీ చూసి, ఆ రాత్రి షెల్లింగ్ రిపోర్ట్ తెమ్మన్నారు. రెండూ పక్కపక్కన పెడితే సరిపోయాయి. లైన్ పోయిన ప్రతిసారీ ఆ దారి మీద షెల్స్ పడుతున్నాయి. లైన్ వచ్చిన ప్రతిసారీ కొద్ది నిమిషాల్లో పై నుంచి మోర్టార్ ఫైర్ అడిగారు. "ఇదిగో నీ సాక్షి" అన్నారాయన.

సేనా మెడల్‌కి రాశాం. 1960లో పెట్టిన పతకం అది. కర్తవ్య నిష్ఠ గాని, ధైర్యం గాని అసాధారణంగా చూపినవాళ్ళకి ఇస్తారు, ఎదుట అన్న మాట దగ్గర మనం తడబడాల్సిన పని లేదు. ఆ పేజీని నేను నాలుగుసార్లు టైప్ చేశాను. చలికి కార్బన్ కాగితాలు బిరుసెక్కి, మడతపడిన చోటల్లా చిట్లేవి. లాంతరు దగ్గర కాసేపు ఉంచి, మెత్తబడ్డాక పెట్టుకునేవాణ్ణి. ఆ చివరి కాపీలో ఒక వాక్యం ఉండేది: మూడోసారి వెళ్ళేటప్పుడు తనకు చాలా భయం వేసిందని, అయినా వెళ్ళానని అతను చెప్పాడు. పైన ఎవరో దాన్ని కొట్టేసి తిప్పి పంపారు. సైటేషన్లో భయం అన్న మాట ఉండకూడదట. నేను మళ్ళీ టైప్ చేశాను, ఆ వాక్యం లేకుండా. అది ఉండాల్సిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ పేజీలో అన్నిటికంటే బరువైన వాక్యం అదే. అది తీసేస్తే మిగిలినవి అంకెలు, గజాలు.

పదో రోజున కట్టలన్నీ సీల్ వేసి బ్రిగేడ్‌కి పంపాం. జులై 26 వచ్చింది, యుద్ధం అయిపోయింది. ఆగస్టు 15న పతకాలు ప్రకటించారు. మా సెక్షన్ కమాండర్‌కి వీర చక్ర వచ్చింది, మరణానంతరం. రెండో విడత 2000 జనవరి 26న. అందులో లైన్‌మ్యాన్ పేరుంది. సేనా మెడల్ కాదు, మెన్షన్ ఇన్ డిస్పాచెస్, అంటే యుద్ధ నివేదికల్లో పేరు ప్రస్తావించడం. పతకం ఉండదు దానికి. యుద్ధంలో పాల్గొన్నవాళ్ళకిచ్చే మెడల్ రిబ్బన్ మీద చిన్న తామరాకు గుర్తు పెట్టుకోవచ్చు, అంతే. నాకు బాధేసింది. ఇంకా బాగా రాసుంటే వచ్చేదేమో అని చాలా రోజులు అనుకున్నాను.

ప్రకటన చదివి వినిపించిన మర్నాడు అతను ఆఫీసుకొచ్చాడు. అప్పటికి మేం కొండలు దిగి, పక్కా గోడలున్న ఆఫీసులోకి మారాం. సెలవు ఫారం కావాలన్నాడు. కుడి చేతి చూపుడు వేలు కొన లేదు. పెన్ను మధ్య వేలికీ బొటన వేలికీ మధ్య పట్టుకుని నెమ్మదిగా నింపాడు. సంతకం అయ్యాక, మెన్షన్ ఎలా వచ్చిందో, లాగ్ బుక్ ఎలా దొరికిందో అంతా చెప్పాను. అతనికి అప్పటిదాకా తెలియదు. తల వంచుకుని విన్నాడు. ఫారం నా వైపు జరిపి, కాసేపాగి అడిగాడు.

"అన్నా, ఆ రాత్రంతా ఎక్స్ఛేంజ్‌లో కూర్చుని టైములు రాసినవాడికి ఏమైనా వచ్చిందా? పక్కనే రెండు షెల్స్ పడ్డాయి కదా, వాడు లేవలేదు. నేను రింగ్ ఇచ్చిన ప్రతిసారీ ఎత్తాడు."

నేను అతని గురించి ఏమీ రాయలేదు. రాయాలన్న ఆలోచనే రాలేదు. ఆ పేజీ మీద మట్టిని నా వేలితోనే తుడిచాను.